జాజ్ కోరస్ ఆంప్: రిపేరు బల్ల దగ్గర విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

పోయిన క్రిస్మస్‌కి ముందు కోవూరు వైపు నుంచి ఒక చర్చి కుర్రాళ్లు ఆటోలో పెద్ద గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్లలో వినిపించే పెట్టె) వేసుకుని నెల్లూరులో నా షాపుకి వచ్చారు. రోలాండ్ జేసీ-120, జేసీ అంటే జాజ్ కోరస్. బరువు 28 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే గానీ దిగలేదు. "కోరస్ వేస్తే ఒక స్పీకర్‌లో గిటార్ మామూలుగా ఉందన్నా, ఇంకోదాంట్లో ఊగుతా ఉంది. ఒక సైడు బోర్డు పోయినట్టుంది, ఆదివారం లోపల కావాల" అన్నారు.

విన్నాను. బోర్డు పోలేదు. ఆ ఆంప్ అట్టా మోగడానికే పుట్టింది. ఒక స్క్రూ కూడా విప్పకుండా, టీ తాగించి, అరగంట చెప్పి పంపించాను. మిక్సర్లు, కీబోర్డులు, ఆర్కెస్ట్రా బాక్సులు బాగుచేస్తూ చాలా ఏళ్లుగా ఈ బల్ల దగ్గరే ఉన్నాను. జేసీ ఆంపులు ఎక్కువ రావు గానీ, వచ్చినప్పుడు చాలాసార్లు రోగం ఆంపుకి ఉండదు, దాని గురించి విన్న మాటల్లో ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ట్రాన్సిస్టర్ ఆంప్ అంటే నేర్చుకునేవాళ్ల కోసం, అసలు ఆంప్ అంటే వాల్వుదే (వాల్వు అంటే ట్రాన్సిస్టర్‌కి ముందు నుంచీ ఉన్న గాజు గొట్టం).

ఈ మాటకి ఒక కాలంలో కారణం ఉంది. ట్రాన్సిస్టర్ 1947లో పుట్టింది, 1960లలో గిటార్ ఆంపుల్లోకి వచ్చింది. అప్పటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లకి వేడి పడేది కాదు. వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతాయి, ఎక్కువ లాగితే ఇంకా వేడెక్కుతాయి, చివరికి చస్తాయి. మే నెలలో మన ఒంగోలు స్టేజీ మీద పెడితే ఏమయ్యేవో ఊహించుకోండి. 1966లో ఫెండర్ లాంటి పెద్ద కంపెనీ ట్రాన్సిస్టర్ ఆంపులు తెచ్చి, కొన్నేళ్లకే ఆపేసింది. చెడ్డపేరు అక్కడ మొదలైంది. తర్వాత సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ కథ మారింది గానీ, పేరు మాత్రం అట్టాగే ఉండిపోయింది.

రెండో కారణం శబ్దంలో ఉంది. వాల్వుని మోతాదు మించి తోస్తే మెల్లగా వంగుతుంది, శబ్దం చిక్కబడుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ తన హద్దు దాకా నిటారుగా నిలబడి, హద్దు దాటగానే అల తలని కొడవలితో కోసినట్టు కోస్తుంది. చెవికి గరుకుగా తగిలేది అదే. కాబట్టి రాక్ వాయించేవాళ్లు వాల్వు కావాలంటే తప్పు పట్టను. కానీ హద్దు దాకా నిటారుగా నిలబడడం అనే గుణమే, గిటార్ శబ్దం తేటగా రావాలి అనుకునేవాడికి వరం. ఇకుతారో కకెహాషి 1972లో ఒసాకాలో పెట్టిన రోలాండ్ కంపెనీ 1975లో జేసీ-120ని తెచ్చింది ఆ తేటదనం కోసమే. యాభై ఏళ్లు దాటినా అది ఇంకా కొత్తగా అమ్ముడవుతోంది. మెటాలికా లాంటి గోలగోల బ్యాండులో జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా తేట శబ్దం కావాల్సిన చోట దీన్నే వాడాడు.

అమెరికాలో పీవీ కంపెనీ వాళ్ల బాండిట్ ఆంపుది ఇంకో దారి. ఏళ్ల తరబడి దానికి మెరుగులు దిద్దుతూ, ట్రాన్సిస్టర్‌తోనే వాల్వు లాగా వంగేట్టు చేయాలని చూశారు. ట్రాన్స్‌ట్యూబ్ అనేది ఆ ప్రయత్నానికి పెట్టిన పేరే. జేసీ వాల్వులా ఉండాలని ఎప్పుడూ అనుకోలేదు. నాకు నచ్చేది ఆ మొండితనమే.

అపోహ: కోరస్ అనేది ముందు పెడల్‌గా (కాలితో తొక్కి వేసే చిన్న ఎఫెక్ట్ పెట్టెగా) వచ్చింది, తర్వాత ఆంపులో కలిపారు.

తలకిందులు. ముందు ఆంప్, తర్వాత పెడల్. 1975లో జేసీ-120లో పెట్టిన సర్క్యూట్‌ని విడిగా తీసి, మరుసటి ఏడాది 1976లో రోలాండ్ వాళ్లదే అయిన బాస్ (Boss) బ్రాండు మీద సీఈ-1 అని పెడల్ చేశారు. బాస్ పేరు మీద వచ్చిన మొదటి పెడల్ అదే.

కోరస్ అంటే ఏందో తెలియాలంటే ఒక భజన బృందాన్ని తలచుకోండి. పదిమందీ ఒకే పాట ఎత్తుకున్నా, ఒకరి గొంతు రవ్వంత వెనక, ఒకరి శృతి వెంట్రుకవాసి పైన ఉంటుంది. ఆ తేడా వల్లే పదిమంది పాడుతున్నట్టు నిండుగా వినిపిస్తుంది. ఒక్క గిటార్‌తో ఆ నిండుదనం రావాలంటే, దాని శబ్దానికే ఒక నకలు తీసి, ఆ నకలుని కాస్త ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని కూడా కదిలిస్తూ ఉండాలి.

ఆలస్యం చేసే చిప్పుని బకెట్ బ్రిగేడ్ అంటారు. 1969లో ఫిలిప్స్ ల్యాబులో కనిపెట్టారు. స్లాబ్ పోసే రోజు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ కింద నుంచి పైకి పోతాయి కదా, అదే పని ఈ చిప్పు లోపల జరుగుతుంది. వరసగా చిన్న చిన్న కండెన్సర్లు, ఒకటి తన దగ్గరున్న వోల్టేజీని పక్కదానికి అందిస్తుంది. సీఈ-1లో వాడిన ఎంఎన్3002 చిప్పులో అలాంటి మెట్లు 512. మేస్త్రి కేకలు వేసినట్టు ఒక క్లాకు వాటిని తోలుతూ ఉంటుంది. క్లాకు సెకనుకి 50 వేల సార్లు కొడితే శబ్దం ఈ చివర నుంచి ఆ చివరకి చేరడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ క్లాకుని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆలస్యం మారుతుంది, దానితో శృతి కూడా అటూ ఇటూ ఊగుతుంది. హైవే మీద లారీ దగ్గరికొచ్చేటప్పుడు హారన్ ఒక రకంగా, దాటిపోయాక ఇంకో రకంగా వినిపించేదీ ఈ లెక్కనే.

అపోహ: 120 వాట్లు అంటే ఒకే ఆంప్, రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం.

కోవూరు కుర్రాళ్ల సమస్య ఇదే. జేసీ-120 లోపల ఉన్నది ఒక ఆంప్ కాదు, 60 వాట్లవి రెండు. ఒక్కోదానికి ఒక్కో 12 అంగుళాల స్పీకర్. కోరస్ వేసినప్పుడు ఒక స్పీకర్‌లో గిటార్ ఉన్నదున్నట్టు వస్తుంది. రెండోదాంట్లో ఊగే నకలు వస్తుంది. ఈ రెండూ వైర్లలో కలవవు, ఎదురుగా ఉన్న గాలిలో కలుస్తాయి. ఒక స్పీకర్‌కి చెవి ఆనించి వింటే లోపంలాగే ఉంటుంది. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి మధ్యలో నిలబడితే గది వెడల్పయినట్టు ఉంటుంది.

మైక్ సెట్ అన్నలకి ఇక్కడ ఒక మనవి. ఉజ్జీవ సభల్లో, ఆర్కెస్ట్రాల్లో మీరు ఈ ఆంప్ ముందు ఒకే మైకు పెడతారు, అదీ ఏదో ఒక స్పీకర్‌కి ఆనించి. అప్పుడు జనానికి వెళ్లేది ఉత్త గిటార్ అయినా అవుతుంది, లేదా ఊగే నకలు ఒక్కటే అయినా అవుతుంది. రెండోది అయితే గిటార్ శృతి తప్పినట్టు ఉంటుంది, తిట్లు పాపం వాయించేవాడికి పడతాయి. రెండు స్పీకర్లకీ రెండు మైకులు పెట్టండి. బయట బాక్సులు స్టీరియో అయితే ఒకటి ఎడమకి, ఒకటి కుడికి ఇవ్వండి. మోనో అయినా పర్వాలేదు, రెండు ఛానెళ్లూ సమానంగా కలిపితే కోరస్ వస్తుంది, వెడల్పు మాత్రం తగ్గుతుంది. మైకు ఒకటే ఉంటే రెండు స్పీకర్లకీ మధ్యలో, కాస్త దూరంగా జరపండి.

దీనికి తోక లాంటిది ఇంకోటి. "స్పీడు, డెప్త్ నాబులు తిప్పుతున్నా కోరస్ మారట్లేదు, కంట్రోళ్లు పోయినాయి" అంటారు. పోలేదు. జేసీ-120లో ఆ రెండు నాబులు వైబ్రాటోకే (శృతిని ఊగించే ఇంకో ఎఫెక్ట్‌కే) పనిచేస్తాయి, కోరస్ వేగం లోపలే ఖాయం చేసి పెట్టారు. ఈ మాట నమ్మి ఒకాయన మంచి కంట్రోళ్లు రెండూ పీకించి కొత్తవి వేయించుకుని, అయినా మారట్లేదని నా దగ్గరికి వచ్చాడు.

డిస్టార్షన్ నాబు సంగతి ఒక్క మాటలో చెప్తాను: అది అంతే. అగ్గిపెట్టెలో తుమ్మెదని పెట్టినట్టు ఉంటుంది, రిపేరు చేసినా మారదు. బయట ఒక పెడల్ కొనుక్కోండి.

అపోహ: 1975 నుంచి ఇప్పటిదాకా ఇది ఒకటే ఆంప్, ఏమీ మారలేదు.

మొహం మారలేదు గానీ ఒళ్లు మారింది. మొదట్లో వచ్చినవాటికి వెనక ఎఫెక్ట్స్ సెండ్, రిటర్న్ సాకెట్లు (సిగ్నల్‌ని బయటి ఎఫెక్ట్‌కి పంపి వెనక్కి తీసుకునేవి) లేవు, తర్వాత చేర్చారు. సైజులూ పెరిగాయి, తగ్గాయి. 10 అంగుళాల స్పీకర్లు నాలుగుతో జేసీ-160, రెండుతో జేసీ-77 వచ్చాయి. 2015లో జేసీ-40, ఆ మరుసటి ఏడాది జేసీ-22 వచ్చాయి. జేసీ-40లో 20 వాట్లవి రెండు ఆంపులు, 10 అంగుళాల స్పీకర్లు రెండు. జేసీ-22లో 15 వాట్లవి రెండు, ఆరున్నర అంగుళాల స్పీకర్లు రెండు. నా లెక్కలో అసలైన మార్పు సైజు కాదు, ఈ చిన్నవాటికి ముందువైపే స్టీరియో ఇన్‌పుట్ ఇవ్వడం. ఇప్పటి పెడల్ బోర్డులు ఎడమ, కుడి విడివిడిగా ఇస్తున్నాయి, వాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకునే ఆంపులు తక్కువ. ఎట్టాగూ లోపల రెండు ఆంపులు ఉండనే ఉన్నాయి, తలుపు తెరిచారంతే.

"ముప్పై వాట్లు ఏం సరిపోతాయి, నూటిరవై అయితే నాలుగింతల సౌండు" అనేవాళ్లకి: నాలుగు రెట్ల వాట్లకి పెరిగేది 6 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. చిన్న చర్చి హాలుకి జేసీ-40 చాలు, నడుం నొప్పి కూడా తప్పుతుంది.

అపోహ: పిన్ను మార్చుకునే అడాప్టర్ ఉంటే ఏ దేశం ఆంపయినా పెట్టుకోవచ్చు.

ఇది మాత్రం కాల్చేస్తుంది. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. రెండు రాళ్ల అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక జపాన్ ఆంప్‌ని ఇట్టాగే గోడకి పెట్టి, ఫ్యూజు కొట్టేస్తే దాని మీద అగరబత్తి ప్యాకెట్‌లోని వెండి రేకు కాగితం చుట్టి మళ్లీ పెట్టిన మహానుభావుణ్ణి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కొనే ముందు వెనక ప్లేటు మీద వోల్టేజీ చదవండి. తక్కువ వోల్టులది అయితే వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపడా వాట్లది పెట్టండి. అమెరికా సామాను 60 హెర్ట్జ్‌కి చేసింది అయితే మన 50 మీద ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. జపాన్‌లో సగం దేశం 50, సగం దేశం 60 కాబట్టి వాళ్ల సామానుకి ఆ బాధ ఉండదు.

స్పీకర్ల విషయంలో కూడా ఒకదానికి చెప్పింది ఇంకోదానికి అంటగడుతుంటారు. "స్పీకర్ లేకుండా ఆంప్ ఆన్ చేస్తే కాలిపోతుంది" అనేది వాల్వు ఆంపులకి చెప్పాల్సిన మాట. ట్రాన్సిస్టర్ ఆంపుకి ప్రమాదం ఎదురువైపు నుంచి వస్తుంది. సౌండు పెరుగుతుందని ఒకే లైనుకి బాక్సు పక్కన బాక్సు తగిలిస్తే ఓములు (కరెంటుకి స్పీకర్లు ఇచ్చే అడ్డు) పడిపోతాయి, ఆంప్ మోయలేనంత కరెంటు లాగుతాయి. 8 ఓములవి రెండు పక్కపక్కన కలిపితే 4, నాలుగు కలిపితే 2. తిరనాళ్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయేది ఎక్కువగా ఇందుకే.

అపోహ: వాల్వులు లేవు కాబట్టి దీనికి రిపేరే రాదు.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రం పక్కన ఉన్నవాళ్లెవరూ ఈ మాట అనకూడదు. ఉప్పు గాలికి సాకెట్ల లోపలి రేకులు నల్లబడతాయి, వాల్యూం తిప్పితే గరగర వస్తుంది. పాత కండెన్సర్లు ఎండిపోయి హమ్ మొదలవుతుంది. వాడకపోతే ఇంకా తొందరగా పాడవుతుంది. కవర్ కప్పి మూల పెట్టినదానికంటే వారం వారం వాయించేదే బాగుంటుందని నా అనుభవం.

కోవూరు కుర్రాళ్లు ఎండాకాలంలో మళ్లీ వచ్చారు. "సౌండు ఉన్నట్టుండి పోతా ఉంది, కేబుల్ కదిలిస్తే వస్తా ఉంది. ఇది కూడా డిజైనేనా అన్నా?" అని ఒకడు నవ్వాడు. ఒక చిన్న వైరు తీసుకుని వెనక సెండ్ నుంచి రిటర్న్‌కి కలిపాను. సౌండు నిలబడింది. రిటర్న్ సాకెట్‌లో ఏమీ పెట్టనప్పుడు ఒక చిన్న రేకు మూసుకుని సిగ్నల్‌ని ముందుకు పంపాలి. ఆ రేకుకి చిలుం పట్టింది. బోర్డు పోయిందని ఎవరైనా చెప్పే ముందు ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు, ఖర్చు ఒక ప్యాచ్ కేబుల్. సాకెట్ శుభ్రం చేసి, కంట్రోళ్లకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇచ్చాను. ఈసారి డబ్బులు తీసుకున్నాను.