ఇంట్లోనే ఉంగరం కొలత: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ వస్తే సైజు ఫోన్‌లోనే చెప్పి ఉంగరం చేయమనేవాళ్లు ఎక్కువ. ఇంట్లో కొలిస్తే తప్పేమీ లేదు. ఎలా కొలుస్తున్నారన్నదే అసలు సంగతి.

అపోహ: వేలికి దారం చుట్టి కొలిస్తే చాలు.
మన సైజుల్లో ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ చుట్టుకొలతలో తేడా సుమారు 1 మిల్లీమీటరే. దారం లాగితే సాగుతుంది, చర్మంలోకి దిగుతుంది కూడా. అక్కడే రెండు సైజులు పోతాయి. చేయించబోయే ఉంగరం ఎంత వెడల్పో అంత వెడల్పు కాగితం పట్టీ కత్తిరించండి. వేలి మొదట్లో చుట్టి, కలిసిన చోట సన్నటి పెన్నుతో గీత పెట్టండి. స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు వస్తే అందులోంచి 40 తీసేయండి. 52 వస్తే మీది దాదాపు 12వ సైజు.

తర్వాత కణుపు దగ్గర కూడా కొలవండి. ఇది చాలామంది వదిలేస్తారు. కణుపు లావుగా ఉండే వేలికి మొదట్లో తీసుకున్న కొలత ఇస్తే ఉంగరం అసలు లోపలికే వెళ్లదు. రెండు కొలతలకీ మధ్యలో, కాస్త కణుపు వైపుకి మొగ్గి సైజు తీసుకోవాలి. బాగా వెడల్పాటి ఉంగరమైతే ఒక సైజు పెంచడం మంచిది.

అపోహ: పాత ఉంగరాన్ని స్కేలు మీద పెట్టి అడ్డంగా కొలవొచ్చు.
అడ్డకొలతలో 1 మిల్లీమీటరు తప్పితే చుట్టుకొలతలో 3 మిల్లీమీటర్లు తప్పినట్టు. అంటే మూడు సైజులు! పైగా వాడిన ఉంగరం గుండ్రంగా ఉండదు, కాస్తయినా నొక్కుకుపోయి ఉంటుంది. ఆ ఉంగరాన్నే షాపుకి తెచ్చేయండి, సైజు గీతలున్న కడ్డీకి ఎక్కించి చూస్తే క్షణంలో తేలిపోతుంది. అది ఏ చేతి వేలిదో కూడా చెప్పండి. ఎక్కువమందికి పనిచేసే చెయ్యే కొంచెం లావు.

అపోహ: ఎప్పుడు కొలిచినా ఒకటే.
కాదు. పొద్దున్నే, చలిలో వేళ్లు సన్నబడతాయి. ఎండలో, ఉప్పు ఎక్కువ తిన్నాక, గర్భిణులకు ఉబ్బుతాయి. చన్నీళ్ల స్నానానికి దిగినప్పుడు ఉంగరాలు జారిపోయేదీ ఇందుకే. ఒంట్లో మామూలుగా ఉన్న రోజున సాయంత్రం కొలవండి, మర్నాడు ఇంకోసారి చూసుకోండి.

అపోహ: 7 అంటే ఎక్కడైనా 7.
అమెరికాలో ఉన్న అబ్బాయి "నాది సెవెన్" అంటే మన లెక్కలో అది సుమారు 14. మన 7 చేసి పంపితే చిటికెన వేలికి కూడా పట్టకపోవచ్చు. బ్రిటన్‌లో అయితే అంకెలు కాదు, అక్షరాలు. నంబరు కాదు, చుట్టుకొలత మిల్లీమీటర్లలో అడగండి.

అపోహ: సరిపోకపోతే తర్వాత మార్పించుకోవచ్చులే.
సాదా బంగారు ఉంగరమైతే నిజమే, కోసి అతికేస్తాం. చుట్టూ రాళ్లు పొదిగినదైతే చాలావరకు కుదరదు, కొత్తది చేయాల్సిందే. ముత్యం, పగడం అతికేటప్పటి మంటకి పాడవుతాయి కాబట్టి ముందు వాటిని ఊడదీసి, పనయ్యాక మళ్లీ పొదగాలి. ఆ మజూరీ ఎంతో, పెంచడానికి పట్టే బంగారం ఎవరి లెక్కో ఆర్డరు ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి.