స్టార్ కట్టాలా తాతా?

బిడ్డలారా,

మొన్న ఫోన్లో మన చిన్నది అడిగిన మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "పత్తంతా వానకు తడిసి నల్లబడ్డది. నాన్న సరిగా అన్నం కూడా తింటలేడు. ఈ క్రిస్మస్‌కు ఇంటి మీద స్టార్ కట్టాలా తాతా?" అన్నది. రెండు రోజులు అదే మాట మనసులో తిరిగింది.

నేను మీ ఈడువాణ్ని ఉన్నప్పుడు వరుసగా రెండేండ్లు వానల్లేవు. మా ఊరి చెరువు నెర్రెలు బారింది. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే నాయిన పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. ఊరంతా వచ్చేది. గండి పడ్డచోట మట్టి పోసేవాళ్లు, తూము ముందర పూడిక తీసి బండ్ల మీద చేన్లకు తోలేవాళ్లు. నేనూ చిన్న తట్ట మోసేవాణ్ని. అంచు నుంచి జారిన మట్టి అంగీలో పడి, చెమటకు అంటుకుని ఒకటే దురద. "నీళ్లే లేని చెరువుకు కట్టెందుకు నాయినా?" అంటే, "నీళ్లొచ్చినంక పోస్తే ఆగుతదా కొడుకా?" అన్నాడు.

మన తెలుగు బైబిల్లో 'నిరీక్షణ' అనే మాట వింటే నాకు ఆ కట్టే కనబడుతుంది. నిరీక్షణ అంటే ఎదురుచూడటం. మొగులు దిక్కు చూస్తూ కూర్చోవడం కాదు, తట్ట మోస్తూ ఎదురుచూడటం. పడుకునే ముందు ప్రార్థన ఒక తట్ట. మనకే కష్టమున్నా పక్కింటోళ్లను పలకరించడం ఇంకో తట్ట. దుఃఖం కూడా పూడిక లాంటిదే: చెరువులో ఉంటే అడ్డం, చేన్లో పోస్తే ఎరువు.

మెదక్ చర్చి అట్లా కట్టిందే. కరువులో జనానికి ఇంత పని, ఇంత తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ పని పెట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు తెరిచారు.

అట్లని నాన్న ముందు ఏమీ కానట్టు నవ్వకండి. బైబిల్లో హబక్కూకు గ్రంథం చివరి అధ్యాయం చదవండి. చేనిలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు అని ఆ ప్రవక్త పోయినవన్నీ పేరుపేరునా చెప్పుకుంటాడు. ఆ తర్వాతే దేవునిలో సంతోషిస్తానంటాడు. వాన సరిగ్గా పత్తి ఏరే వారంలోనే ఎందుకు పడ్డదో దేవుణ్నే అడగండి. ఆయన కోప్పడడు.

సెలవుల్లో నాన్నను వెంటబెట్టుకుని పాకాల చెరువుకు పోయి రండి. పొద్దున్నే, నీళ్ల మీద మంచు పొగలా లేచే వేళకు చేరాలి. గణపతిదేవుడి కాలంనాటి కట్ట అది, ఎనిమిది వందల ఏండ్లు దాటింది. దానికి ఎన్ని తట్టల మట్టి పట్టిందో అనుకుంటూ నేను ఎన్నిసార్లు దాని మీద ఊరికే నిలబడిపోయానో!

స్టార్ కట్టండి. నిరుటిది అటక మీద ఉంటుంది, కాయితం చినిగితే అతికించండి. నిచ్చెన మాత్రం నాన్ననే పట్టుకోమనండి.

మీ తాత