బస్సు ప్రయాణంలో గర్భిణికి కళ్ళు తిరగడం: అపోహలు - వాస్తవాలు

కోనసీమ నుంచీ, భీమవరం, నరసాపురం పరిసరాల నుంచీ బడికో, రొయ్యల ప్లాంటుకో, ఆఫీసుకో రోజూ బస్సులోనూ సర్వీసు ఆటోలోనూ వెళ్ళివచ్చే గర్భిణులకు వైద్యం చేసే డాక్టరుగా నేను తరచుగా వినే బాధల్లో కళ్ళు తిరగడం ఒకటి. దాని చుట్టూ ఇళ్ళలో చెప్పుకునే మాటల్లో చాలావరకు ఎవరికీ హాని చేయనివే. వాటి జోలికి నేను పోవడం లేదు. మనిషిని రోడ్డు మీద పడేసే మాటలను, ఆసుపత్రికి రావడం ఆలస్యం చేసే మాటలను మాత్రమే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కళ్ళు తిరుగుతున్నాయంటే ఒంట్లో రక్తం లేదని అర్థం.

వాస్తవం: రక్తహీనత ఒక కారణం మాత్రమే. నిజానికి గర్భం సమయంలో ఒంట్లోని రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. అయితే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ప్రభావంతో రక్తనాళాలు వదులవుతాయి కాబట్టి, తొలి నెలల నుంచే బీపీ కొంత తగ్గుతూ వచ్చి, ఐదు, ఆరు నెలల మధ్య అన్నిటికన్నా కిందికి చేరి, కాన్పు దగ్గరపడేసరికి మళ్ళీ మునుపటి స్థాయికి వస్తుంది. ఇలా వదులైన నాళాలతో కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. దాన్ని పైకి నెట్టే పని పిక్కల కండరాలది. నడుస్తున్నప్పుడే అవి ఆ పని చేయగలవు. పల్లెవెలుగు బస్సులో పాదం కదపడానికి కూడా చోటు లేకుండా కడ్డీ పట్టుకుని నిలబడిన మనిషికి ఆ సాయం అందదు. దానికి మన డెల్టా ఉక్కపోత తోడైతే చర్మంలోని నాళాలు కూడా విప్పారుతాయి, చెమట రూపంలో నీరు పోతుంది, మెదడుకు అందే రక్తం కొన్ని క్షణాలపాటు తగ్గుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 12 గ్రాములున్న టీచరమ్మ కూడా బస్సులో పడిపోవచ్చు, 9 గ్రాములున్న ఆమె సీటులో కూర్చుని క్షేమంగా ఇల్లు చేరవచ్చు.

ఇది చదివి రక్తపరీక్ష అనవసరమని అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువగా ఉంటే దాన్ని రక్తహీనతగానే చూడాలి. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి; నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. టీతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఆ మాత్ర వల్ల విరేచనం నల్లగా అవుతుందే తప్ప బిడ్డ నల్లగా పుట్టదు. ఈ ఒక్క భయంతో మాత్రలను బీరువాలో దాచిపెట్టిన వాళ్ళను చూస్తూనే ఉంటాం.

అపోహ: కాస్త ఓర్చుకుంటే స్టాపు వచ్చేలోపు సర్దుకుంటుంది.

వాస్తవం: నేను అన్నిటికన్నా గట్టిగా ఖండించేది ఈ మాటనే. కళ్ళు తిరిగి పడిపోయే ముందు శరీరం చాలాసార్లు ముందే చెబుతుంది. ఆవులింతలు వస్తాయి, చల్లటి చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది, చెవుల్లో హోరు వినిపిస్తుంది, ఆ తరవాత చూపు మసకబారుతుంది. మీ చేతిలో ఉండేది ఆ కొద్ది వ్యవధి మాత్రమే. దాన్ని ఓర్పుకు ఖర్చు పెడితే తరవాత జరిగేది పడిపోవడమే. సీటు దొరికితే సీటులో, దొరకకపోతే బస్సు నేల మీదనైనా వెంటనే కూర్చోవాలి. చీర మాసిపోతుందనో, నలుగురూ చూస్తున్నారనో ఆగకూడదు. కూర్చునే వీలు దొరికేలోగా కాలు మీద కాలు మెలివేసి తొడలను, పిక్కలను గట్టిగా బిగించడం, పిడికిళ్ళు బిగించడం, మడమలను పైకెత్తి దించడం వంటివి రక్తాన్ని కాస్త పైకి నెడతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎనిమిదో నెల గర్భిణిని చూడగానే ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. బీపీ పడిపోతూ వచ్చే మూడో, నాలుగో నెలల్లో కడుపు కనబడదు కాబట్టి ఎవరూ లేవరు. అప్పుడు నోరు విప్పి చెప్పక తప్పదు. "అమ్మా, నాకు నెల తప్పింది, కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త కూర్చోనిస్తారా" అని ముందువైపు ఆడవాళ్ళ సీట్లలో ఉన్నవారిని అడగండి, లేదా కండక్టరుకు చెప్పండి. కొత్తగా నెల తప్పిన విషయం బయటికి చెప్పకూడదన్న ఆచారం నాకు తెలియనిది కాదు. ఆ ఆచారం కోసం నిలబడి పడిపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. చెప్పడం ఇష్టం లేకపోతే దిగిపోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది కాబట్టి, మధ్యలో దిగి, నీడన కూర్చుని, తేరుకున్నాక తరవాతి బస్సు ఎక్కడానికి టికెట్టు డబ్బులు అడ్డం రావు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఎండలో కదలకుండా నిలబడే వారికి కూడా ఇదే వర్తిస్తుంది. నీడలో కూర్చోవాలి, లేదంటే అటూ ఇటూ నడుస్తూ ఉండాలి.

అపోహ: చెకప్‌కు పరగడుపునే రావాలి, తినకుండా బయలుదేరితే వాంతులు కూడా రావు.

వాస్తవం: తెల్లవారుజామున లేచి, ఏమీ తినకుండా గంటసేపు బస్సులో వచ్చి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, అక్కడే పడిపోయే గర్భిణులు మాకు కొత్త కాదు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షల రోజున రద్దీ ఎక్కువ కాబట్టి అలా జరిగే వీలు మరింత ఎక్కువ. బీపీ, బరువు, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, కడుపులో బిడ్డ స్కానింగు, వీటిలో దేనికీ పరగడుపుతో పని లేదు. గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరవాత చేసే షుగర్ పరీక్షను కూడా తిన్నా తినకపోయినా చేయవచ్చు. పరగడుపున రమ్మని డాక్టరు ప్రత్యేకంగా చెప్పిన రోజు తప్ప, రెండు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు లాంటివి తినే బయలుదేరాలి. ఖాళీ కడుపు వేవిళ్ళను పెంచుతుంది గానీ తగ్గించదు. సంచిలో ఒక అరటిపండో, వేరుశనగ చిక్కీయో ఉంచుకోండి. మందుల షాపులో అడిగి కొనుక్కునే వాంతుల మాత్రల్లో కొన్ని మగత తెస్తాయి కాబట్టి వాటిని డాక్టరును అడగకుండా వాడవద్దు.

అపోహ: దారిలో మరుగుదొడ్డి దొరకదు కాబట్టి నీళ్ళు తాగకపోవడమే మంచిది.

వాస్తవం: ఇబ్బంది నిజమే, పరిష్కారం మాత్రం తప్పు. నీరు తగ్గితే కళ్ళు తిరగడమే కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఇంట్లో మూత్రానికి వెళ్ళి బయలుదేరి, దారిలో గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. మజ్జిగ మంచిది. కొబ్బరి బొండం కూడా మంచిదే, కానీ అది నీటిలోటును తీరుస్తుంది తప్ప రక్తహీనతను తగ్గించదు.

అపోహ: బస్సు కన్నా ఇంటాయన బండి వెనక కూర్చోవడం క్షేమం.

వాస్తవం: కళ్ళు తిరిగే అలవాటు ఉన్నప్పుడు, చీర కట్టుకుని ఒకవైపుకు కాళ్ళు వేసి బండి వెనక కూర్చోవడం అన్నిటికన్నా ప్రమాదకరం, స్పృహ తప్పితే పట్టుకునేవారుండరు. స్కూటీ స్వయంగా నడపడం కూడా మానుకోండి. కారులో వెళ్తే సీటు బెల్టు పెట్టుకోవాలి; కింది పట్టీ కడుపు కింద తొడల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా పోవాలి.

అపోహ: పడిపోయినవారిని లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్ళు పోయాలి.

వాస్తవం: తోటి ప్రయాణికులు మంచి మనసుతో చేసే పొరపాటు ఇది. పట్టుకుని నిటారుగా కూర్చోబెడితే మెదడుకు రక్తం అందడం మరింత ఆలస్యమవుతుంది. స్పృహ లేనప్పుడు పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గాలి ఆడనివ్వాలి. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకోబెడితే, పెరిగిన గర్భసంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కి బీపీని ఇంకా తగ్గిస్తుంది. తేరుకున్నాక కాసేపు పడుకోనిచ్చి, నెమ్మదిగా లేపాలి.

అపోహ: కడుపుతో ఉన్నవాళ్ళకు ఇవన్నీ మామూలే.

వాస్తవం: నిలబడినప్పుడు వచ్చి, కూర్చోగానే తగ్గిపోయేది చాలావరకు మామూలే, దాన్ని కూడా తరవాతి చెకప్‌లో చెప్పాలి. తొలి నెలల్లో కడుపులో ఒకపక్క నొప్పి, భుజం కొనలో నొప్పి, రక్తం కనబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉండి కళ్ళు తిరిగినా గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి లోపల రక్తస్రావం అవుతూ ఉండవచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడతో వచ్చినా, కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో వచ్చినా గుండెను, ఊపిరితిత్తులను పరీక్షించాల్సిందే. నెలలు నిండుతున్నప్పుడు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అది బీపీ తగ్గడం కాదు, పెరగడం కావచ్చు. 140/90, అంతకు మించిన అంకెలు వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఇలాంటప్పుడు మరో బస్సు కోసం చూడకుండా 108కు ఫోన్ చేయండి. కడుపుకు దెబ్బ తగిలేలా పడిపోయి ఉంటే, నొప్పి లేకపోయినా అదే రోజు బిడ్డ గుండె చప్పుడు చూపించుకోవాలి. మీది నెగెటివ్ గ్రూపు అయితే, 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) అవసరమవుతుందేమో డాక్టరు నిర్ణయించాలి కాబట్టి ఆ సంగతి వెళ్ళగానే చెప్పండి.