వెళ్లకుండానే ఎలా తెలిసింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. “తాతయ్యా, నక్షత్రాల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు కదా, అక్కడ హైడ్రోజన్ ఉందని పుస్తకంలో ఎలా రాశారు? ఊహించి రాసేశారా?” అంది. నేనేమో “టెలిస్కోప్‌తో చూశారమ్మా” అనేసి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే అది తప్పించుకునే జవాబే అనిపించింది. టెలిస్కోప్‌లో హైడ్రోజన్ కనిపించదు. ఆ మాటకొస్తే ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టి చూసినా దాదాపు నక్షత్రాలన్నీ చుక్కల్లాగే ఉంటాయి. కాస్త వెలుగు ఎక్కువైన చుక్కలు, అంతే. మరి ఆ చుక్కలోంచి దాని వేడి, దూరం, అది దేనితో తయారైందీ ఎలా రాబట్టారు? అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఒక్కసారే చదివెయ్యక్కర్లేదు.

మిగతా శాస్త్రాలవాళ్లకు ఉన్న వసతి ఖగోళ శాస్త్రవేత్తలకు లేదు. రసాయన శాస్త్రవేత్త పదార్థాన్ని వేడిచేసి చూస్తాడు, జీవశాస్త్రవేత్త ఆకును కోసి చూస్తుంది. నక్షత్రాన్ని ముట్టుకోలేం, కొయ్యలేం, కనీసం అటువైపు తిరిగి వెనక నుంచి కూడా చూడలేం. చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లు, అంగారకుడి మీద తిరిగే బండ్లు, ఇవన్నీ మన పెరట్లో సంగతులు. పెరటి గోడ దాటాక చేతికి అందేది దాదాపు ఒక్కటే, కాంతి. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. అయినా సూర్యుడి నుంచి రావడానికి 8 నిమిషాలు పైనే పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ నుంచైతే 4 ఏళ్లు పైనే. ఇంత దూరం వచ్చిన కాంతిని కూచోబెట్టి ప్రశ్నలడగడమే వాళ్ల పని.

ముందు ఆ కాంతిని పోగుచెయ్యాలి. వానలో గ్లాసు పెడితే కాసిని నీళ్లు, గంగాళం పెడితే బోలెడు నీళ్లు పడతాయి కదా, టెలిస్కోప్ అలాంటి గంగాళం. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది మహా అయితే 7 మిల్లీమీటర్లు. హవాయిలో మౌనాకియా కొండ మీదున్న కెక్ టెలిస్కోప్ అద్దం వెడల్పు 10 మీటర్లు. వెడల్పుల నిష్పత్తి కట్టి దాన్ని వర్గం చెయ్యండి, పెద్దాడికి వచ్చు. కంటికన్నా 20 లక్షల రెట్లు ఎక్కువ కాంతి పడుతుందని తేలుతుంది. పైగా కన్ను వచ్చిన కాంతిని వచ్చినట్టే ఒలకబోసుకుంటుంది. కెమెరా అలా కాదు, గంటల తరబడి నింపుకుంటూ పోతుంది. అందుకే ఈ రోజుల్లో పెద్ద టెలిస్కోప్‌కు ఎవరూ కన్ను ఆనించి చూడరు. సినిమాల్లో చూపించేది ఉత్తిదే. వాళ్లు పక్క గదిలోనో, ఒక్కోసారి వేరే దేశంలోనో, కంప్యూటర్ ముందు కూచుని ఆవలిస్తూ ఉంటారు.

ఇక చిన్నదాని ప్రశ్నకు వస్తాను. జర్మనీలో జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ అని ఒక గాజు పనివాడు ఉండేవాడు. పదకొండేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. గాజు పని నేర్చుకుని, ఐరోపాలోనే మేలైన కటకాలు చేసేవాడయ్యాడు. 1814లో ఆయన సూర్యకాంతిని సన్నటి చీలికలోంచి పట్టకం మీద పడనిచ్చి, విడిపోయిన రంగుల పట్టీని టెలిస్కోప్‌తో చూశాడు. ఇంద్రధనుస్సులా నునుపుగా ఉండాల్సిన ఆ పట్టీలో అడుగడుక్కీ సన్నటి నల్ల గీతలు! 500కు పైగా లెక్కపెట్టి, ముఖ్యమైనవాటికి అక్షరాలతో పేర్లు పెట్టాడు. అవి ఎందుకున్నాయో మాత్రం ఆయనకు తెలియదు. తెలియకుండానే 1826లో, 39 ఏళ్లకే చనిపోయాడు.

1835లో ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ కామ్ట్ అనే తత్వవేత్త, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని రాశాడు. పాపం, తప్పు పట్టలేం. ఆయన వాదన అచ్చం మన చిన్నదాని వాదనే, వెళ్లకుండా ఎలా తెలుస్తుందని. కానీ జవాబు అప్పటికే ఫ్రాన్‌హోఫర్ గీతల్లో ఉంది. చదవడం ఎవరికీ రాలేదు, అంతే.

చదవడం 1859లో వచ్చింది. బున్‌సెన్, కిర్కాఫ్ అని ఇద్దరు స్నేహితులు. మీ స్కూల్ ల్యాబ్‌లో ఉండే బున్‌సెన్ బర్నర్ పేరు ఆయనదే. ఒక్కో పదార్థాన్నీ మంటలో పెట్టి ఆ వెలుగును పట్టకంతో విడగొట్టి చూశారు. ఉప్పు పెడితే ఎప్పుడూ అవే రెండు పసుపు గీతలు, ఉప్పులోని సోడియం వల్ల. లిథియం పెడితే ఎర్ర గీత. ఏ మూలకం గీతలు దానివే, మరోదానితో కలవవు, మన వేలిముద్రల్లాగా. ఇంకో సంగతి కూడా తేలింది. మూలకం వేడెక్కినప్పుడు ఏ రంగుల్ని వెదజల్లుతుందో, కాస్త చల్లటి ఆవిరిగా దారికి అడ్డం ఉన్నప్పుడు సరిగ్గా ఆ రంగుల్నే మింగేస్తుంది. సూర్యుడి లోపలి నుంచి వచ్చే కాంతిలో కొన్ని రంగుల్ని దాని పైపొరల్లోని ఆవిర్లు మింగేస్తాయి. మింగిన చోట నల్ల గీత మిగులుతుంది. ఆ గీత ఎక్కడుందో కొలిస్తే మింగిందెవరో తెలిసిపోతుంది. దొంగ వెళ్లిపోయినా పోయిన వస్తువును బట్టి దొంగను పట్టుకోవడం లాంటిది.

ఈ పద్ధతితో భూమ్మీద ఎవరూ చూడని మూలకం కూడా దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును విడగొట్టి చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అక్కడికక్కడే అనుకుని, మర్నాడు చూసేశాడు కూడా. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఆ పని విడిగా చేశాడు. అందులో ఒక పసుపు గీత సోడియంది కాదని, తెలిసిన ఏ మూలకానిదీ కాదని లాకియర్ పట్టుబట్టాడు. దానికి గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, విలియం రామ్సేకు యురేనియం ఉన్న ఒక ఖనిజంలో అది దొరికింది. మీ పుట్టినరోజు బెలూన్లలో ఉండే వాయువు ముందు సూర్యుడిలో దొరికి, తర్వాత భూమ్మీద దొరికింది!

ఇంతకీ హైడ్రోజన్ సంగతి. సూర్యుడి పట్టీలో ఇనుము, కాల్షియం గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి, సూర్యుడు కూడా ఇంచుమించు భూమి లాంటి సరుకుతోనే తయారై ఉంటాడని అందరూ అనుకున్నారు. గీత ముదురుగా ఉందంటే ఆ పదార్థం ఎక్కువుందని అర్థం కాదని 1920లో మన మేఘనాథ్ సాహా సమీకరణంతో కళ్లు తెరుచుకున్నాయి. వేడిని బట్టి కూడా గీత ముదురుతుంది, లేదా వెలిసిపోతుంది. అమెరికాలో సెసీలియా పేన్ అనే పాతికేళ్ల అమ్మాయి సాహా లెక్కను నక్షత్రాల పట్టీలకు వర్తింపజేసి, 1925లో తన పరిశోధనా గ్రంథంలో తేల్చిందేమిటంటే, నక్షత్రాల్లో ఉన్నదంతా చాలావరకు హైడ్రోజన్, హీలియమే. ఆ కాలపు పెద్ద పండితుడు హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నాడు. పాపం ఆ అమ్మాయి, ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన గ్రంథంలోనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత రసెలే వేరే దారిలో వెళ్లి అక్కడికే చేరాడు, ఆమె చెప్పిందే సరైనదని రాశాడు. చిన్నదానికి ఇదీ నా అసలు జవాబు. ఊహించి రాయలేదు తల్లీ, ఊహకు విరుద్ధంగా వచ్చినా రాశారు.

దూరం ఎలా కొలుస్తారో చూద్దాం. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు వెనకున్న గోడ మీద అటూ ఇటూ గెంతినట్టుంటుంది. చెయ్యి చాపితే గెంతు తగ్గుతుంది. ఎంత గెంతిందో కొలిస్తే ఎంత దూరమో లెక్క కట్టొచ్చు. నక్షత్రాలకు మన రెండు కళ్ల మధ్య ఎడం చాలదు కాబట్టి, ఇవాళ ఒకసారి, ఆరు నెలలు పోయాక ఒకసారి చూస్తారు. ఈలోగా భూమి సూర్యుడికి అవతలి వైపు చేరుతుంది, అంటే కళ్ల మధ్య ఎడం 30 కోట్ల కిలోమీటర్లు. అయినా 1838లో ఫ్రెడ్రిక్ బెసెల్ ఒక నక్షత్రానికి మొదటిసారి కొలిచిన కోణం, అంటే ఆ గెంతులో సగం, ఎంతో తెలుసా? 2 సెంటీమీటర్ల గుండీని 13 కిలోమీటర్ల అవతల పెడితే ఎంత కనిపిస్తుందో అంత. ఆ నక్షత్రం 11 కాంతి సంవత్సరాల (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం) దూరంలో ఉందని ఇప్పటి లెక్క. ఆయనకు 10 పైచిలుకు వచ్చింది. ఆ కాలపు పరికరాలతో అది మామూలు విషయం కాదు. 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం ఇదే కిటుకుతో వంద కోట్లకు పైగా నక్షత్రాల దూరాలు కొలిచింది.

ఇంకా దూరం పోతే వేలు గెంతడం ఆగిపోతుంది. అక్కడ హెన్రియెటా లీవిట్ ఆదుకుంది. రాత్రి దూరంగా ఒక దీపం కనిపిస్తే, అది దగ్గరున్న చిన్న దీపమో దూరానున్న పెద్ద దీపమో చెప్పలేం. ఎన్ని వాట్ల బల్బో తెలిస్తే మాత్రం చెప్పెయ్యొచ్చు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో గాజు పలకల మీది ఫోటోలు చూసి నక్షత్రాల వెలుగును లెక్కగట్టే పనిలో లీవిట్ ఉండేది. ఆమెకు చెవులు సరిగా వినపడేవి కావు. సెఫీడ్లు అనే ఒక రకం నక్షత్రాలు కొన్ని రోజులకోసారి వెలుగు పెరిగి, మళ్లీ మసకబారుతుంటాయి. మెల్లగా మారేవి అసలు వెలుగులో పెద్దవని 1912లో ఆమె తేల్చింది. అంటే బల్బు మీద వాట్లు రాసిపెట్టి ఉన్నట్టే! 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా అనే మసక మేఘంలో అలాంటి నక్షత్రాన్ని పట్టుకున్నాడు. లెక్క కడితే అది మన పాలపుంతకు ఎంతో అవతల ఉన్న మరో గెలాక్సీ, అంటే మరో పెద్ద నక్షత్రాల గుంపు, అని తేలింది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరమని ఇప్పుడంటున్నాం. అప్పటిదాకా పాలపుంతే సమస్త విశ్వమని నమ్మినవాళ్లు చాలామంది. 1925లో స్వీడన్ గణిత శాస్త్రవేత్త ఒకాయన నోబెల్‌కు ప్రతిపాదిద్దామని లీవిట్‌కు ఉత్తరం రాశాడు. ఆమె పోయి అప్పటికే మూడేళ్లు దాటింది.

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇంకా చిక్కు. వాటికి సొంత వెలుగు లేదు, పక్కనున్న నక్షత్రం వెలుగులో అవి కనపడవు. అందుకని గ్రహాన్ని చూడటం మానేసి నక్షత్రాన్ని చూస్తారు. మీ అమ్మ చిన్నదాన్ని రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పుతుంది చూడండి, అప్పుడు అమ్మ కూడా వెనక్కి వాలి చిన్న చుట్టు చుడుతుంది. నక్షత్రం కూడా అంతే. మనవైపు వచ్చేటప్పుడు ఆ వేలిముద్ర గీతలు నీలం వైపు, దూరం జరిగేటప్పుడు ఎరుపు వైపు పిసరంత జరుగుతాయి. అంబులెన్స్ వస్తున్నప్పుడు ఒక స్వరం, దాటిపోయాక ఒక స్వరం వినిపిస్తుందే, కాంతిలో అదే సంగతి. 1995లో మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ ఇలాగే 51 పెగసీ అనే నక్షత్రం చుట్టూ ఒక గ్రహాన్ని పట్టుకున్నారు. దానికి ఏడాది అంటే మన 4 రోజులు పైన! 2019లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన భూమి వల్ల సూర్యుడు ఊగే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే, పాకే పసిపాప కన్నా నెమ్మది.

గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గడం మరో ఆనవాలు. భూమి అడ్డొస్తే సూర్యుడి వెలుగులో తగ్గేది 12,000 వంతుల్లో ఒక వంతు. కెప్లర్ టెలిస్కోప్ 2009 నుంచి 2018 దాకా ఇలాంటి తగ్గుదలలు వెతికి 2,600కు పైగా గ్రహాలను బయటపెట్టింది. అడ్డొచ్చిన ఆ కాసేపూ నక్షత్రపు కాంతి గ్రహం గాలిలోంచి కూడా వస్తుంది కదా, ఆ గాలి తనకిష్టమైన రంగుల్ని మింగేస్తుంది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 700 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గ్రహం మీద కార్బన్ డయాక్సైడ్‌ను ఇలాగే కనిపెట్టింది. చూశారా, మళ్లీ ఫ్రాన్‌హోఫర్ గీతల దగ్గరికే వచ్చాం.

గెలాక్సీల సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. సూర్యుడికి దగ్గరున్న బుధుడు వేగంగా, దూరంగా ఉన్న నెప్ట్యూన్ మెల్లగా తిరుగుతాయి. గెలాక్సీలో కూడా అంచున ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాలి మరి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాలో ఆ గీతల జరుగుడు కొలిస్తే, అంచున కూడా వేగం తగ్గలేదు. కనిపించే నక్షత్రాల బరువు అంత వేగాన్ని పట్టి ఉంచడానికి చాలదు. కనిపించనిది ఇంకేదో బోలెడంత ఉండి ఉండాలి. దాన్నే కృష్ణ పదార్థం అంటారు. అదేమిటో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. అన్నట్టు, 1965లో పాలోమార్ అబ్జర్వేటరీకి రూబిన్ వెళ్తే అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డే లేదు. ఆవిడ కాగితంతో చిన్న స్కర్టు కత్తిరించి, తలుపు మీది మగ బొమ్మకు అతికించి, “ఇదిగో, ఇప్పుడుంది” అందట. నాకు ఆవిడ లెక్కలంత ఇష్టం ఆ స్కర్టు కూడా.

అమ్మానాన్నలను అడిగానని చెప్పండి.

మీ తాతయ్య

తా.క. పాత సీడీ ఒకటి దొరికితే, చెప్పుల అట్టపెట్టెకు ఒక చివర సన్నటి చీలిక పెట్టించుకోండి, బ్లేడు మాత్రం నాన్ననే పట్టమనండి. రెండో చివర సీడీని ఏటవాలుగా నిలబెట్టి, పైన చిన్న కన్నం చేసి చూడండి. సూర్యుడి వైపు మాత్రం చచ్చినా పెట్టొద్దు, కళ్లు పోతాయి. ముందు పాతకాలం ఫిలమెంట్ బల్బును చూడండి, రంగులు ఎక్కడా తెగకుండా వస్తాయి. తర్వాత సీఎఫ్‌ఎల్ బల్బును చూసి, ఎన్ని గీతలు విడివిడిగా కనిపించాయో లెక్కపెట్టి ఇద్దరూ విడివిడిగా రాయండి. ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టొద్దు.