నీటిచుక్కలో టీవీ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి,

తాతయ్య ఆశీస్సులు. దసరాకి కొత్త టీవీ కొంటున్నారట. "ఫోర్‌కే కావాలి" అని బుజ్జి, "అన్నిటికంటే పెద్దది కావాలి" అని చిన్నా ఒకటే గొడవని మీ అమ్మ ఫోన్లో చెప్పింది.

ముందు ఒక పని చేయండి. అమ్మ ఫోన్లో తెల్లటి పేజీ ఏదైనా తెరిచి, దానిమీద వేలికొసతో చిన్న నీటిచుక్క పెట్టండి. (చుక్కే చిన్నా, గ్లాసు కాదు.) అది భూతద్దంలా పనిచేస్తుంది. తెల్లగా ఉన్న చోటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మినుకుమంటూ కనిపిస్తాయి. ఆ రంగులు కలిసిన గడే పిక్సెల్. అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని అన్న లెక్కే రిజల్యూషన్. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. ఫోర్‌కే టీవీకి 3840, 2160. గుణించి చూడండి, సరిగ్గా నాలుగు రెట్లు వస్తుంది.

కానీ చూసేది మన కళ్లు కదా. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో గడి సుమారు అర మిల్లీమీటరు. ఆరడుగులు దాటి కూర్చుంటే మామూలు చూపుకి ఆ గడులు విడిగా ఆనవు. అంతకంటే సన్నగా చేసినా పెద్దగా తేడా తెలియదు. తెర పెరిగితేనో, దగ్గరగా కూర్చుంటేనో బుజ్జి మాట నెగ్గుతుంది. అన్నట్టు ఆ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచినవి, వెడల్పు కాదు.

పోయినసారి నేను మోసపోయింది వేరే చోట. షాపులో టీవీ చూస్తే అందులో సీతాకోకచిలుక రెక్కమీద పొడి కూడా కనిపించింది. ఇంటికి తెచ్చి నానమ్మ సీరియల్ పెడితే తడిసిన అద్దంలోంచి చూసినట్టుంది! షాపువాళ్లు వేసేది ప్రత్యేకంగా తీసిన వీడియో, రంగులు బాగా పెంచి. మాకొచ్చేదేమో పాత ఎస్‌డీ చానల్, అంటే తక్కువ రిజల్యూషన్‌ది, నిలువుగా 576 గడులే. మిగతా గడులన్నీ టీవీయే ఊహించి నింపుకోవాలి. అందుకని షాపులో మామూలు న్యూస్ చానల్ పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు.

ఇక రకాలు. ఎల్‌ఈడీ టీవీ అన్నది నిజానికి ఎల్‌సీడీయే. వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతుంటాయి, ముందున్న పొర ఆ వెలుగుని ఆపుతుంది. పూర్తిగా ఆపలేదు, అందుకే చీకటి సీన్లో నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది. క్యూఎల్‌ఈడీ కూడా ఈ జాతిదే, రంగులు మెరుగు. ఓఎల్‌ఈడీలో ఏ గడికా గడే వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది. ఆ నలుపు చూస్తే వదలబుద్ధి కాదు. ఖరీదెక్కువ. పైగా ఒకే చానల్ లోగో ఏళ్ల తరబడి అదే మూలలో ఉంటే దాని మచ్చ పడే ప్రమాదం ఉంది. పొద్దస్తమానం వార్తలు చూసే నాలాంటివాడికి అది పనికిరాదు.

ఎల్‌సీడీల్లో కొన్ని ఎదురుగా బాగుంటాయి, పక్కకి జరిగితే రంగు వెలిసిపోతుంది. షాపులో ఎడమకీ కుడికీ నడిచి చూడండి. పండక్కి మేమొస్తే నానమ్మ కూర్చునేది కిటికీ పక్క కుర్చీలోనే.

సోఫా నుంచి టీవీ గోడకి ఎన్ని అడుగులో టేపు పెట్టి కొలిచి రాయండి. నానమ్మ కుర్చీ నుంచి కూడా.

ఇట్లు,
తాతయ్య