శనివారం రేసుకు ముందు ఆరు రోజులు

చిరంజీవులకు ఆశీస్సులు.

న్యూజెర్సీ హైస్కూళ్ళలో క్రాస్ కంట్రీ (గడ్డి, మట్టి, గుట్టల మీద పెట్టే దూరపు పరుగు) టీముల్లో పరిగెడుతున్న మీ కోసం ఈ ఉత్తరం. సెప్టెంబరు సగం గడిచేసరికి చాలామంది పిల్లలు ఒకే మాట అంటారు: "రోజూ పరిగెడుతున్నా టైము తగ్గడం లేదు." వాళ్ళ వారం ఎలా గడుస్తోందో చూస్తే కారణం తెలిసిపోతుంది. నింపాదిగా పరిగెత్తాల్సిన రోజు జోరు చూపిస్తారు, జోరు చూపించాల్సిన రోజుకు కాళ్ళలో సత్తువ ఉండదు.

5 కిలోమీటర్లు 19 నిమిషాల్లో పరిగెత్తే పదకొండో తరగతి అబ్బాయి వారం ఎలా ఉండాలో చెబుతాను. మీ టైము వేరైతే అంకెలు మారతాయి, వారం అమరిక మారదు. మీ కోచ్ వేరేలా చెబితే కోచ్ మాటే వినండి.

ఆదివారం 8 మైళ్ళ లాంగ్ రన్. మైలుకు 8 నుంచి 8:30 నిమిషాలు పట్టాలి. పక్కవాడితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. సోమవారం అదే తీరులో 5 మైళ్ళు, చివర 20 సెకన్ల చొప్పున నాలుగు స్ట్రైడ్స్. స్ట్రైడ్ అంటే పళ్ళు బిగించి పరిగెత్తడం కాదు. ఒళ్ళు వదులుగా ఉంచి, మెల్లగా వేగం పెంచి, మెల్లగా తగ్గించాలి.

వారంలో అసలు కష్టం మంగళవారం. 2 మైళ్ళు వార్మప్, తరువాత 1000 మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 3:48లో. మధ్యలో 400 మీటర్లు నెమ్మదిగా జాగింగ్, చివర ఒక మైలు కూల్‌డౌన్. మొదటి 1000 మీటర్లు 3:35లో ముగించి, ఐదోది 4:05లో ఈడ్చుకొస్తే ఆ రోజు కష్టం వృథా. ఐదూ రెండు మూడు సెకన్ల తేడాలో రావాలి. మంగళవారం వేరే స్కూలుతో మీట్ (పరుగు పోటీ) ఉంటే అదే ఆ రోజు కష్టం. మర్నాడు 1000 మీటర్లవి మళ్ళీ చేయకండి.

బుధవారం 5 మైళ్ళు, వారం మొత్తానికి అతి నెమ్మది పరుగు. ఎక్కువమంది పాడుచేసుకునేది ఈ రోజునే. టీములో వేగంగా పరిగెత్తేవాళ్ళ వెంట పడి 7 నిమిషాల మైళ్ళు కొడతారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే బలపడతాయి కానీ ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుంది. ఊపిరి సహకరిస్తోంది కదా అని రోజూ జోరుగా పోతే ముందు దెబ్బతినేది మోకాలి కింది ఎముకే. ఆ ఎముక లోపలి అంచు పొడవునా సలుపుతుంటే మైళ్ళు తగ్గించి, బూట్లు చూసుకోండి. 300 నుంచి 500 మైళ్ళు దాటిన బూట్లు మార్చాలి. వేలితో నొక్కితే ఒకేచోట కలుక్కుమన్నా, ఒంటికాలిపై గెంతితే నొప్పి పుట్టినా పరుగు ఆపి ఆ రోజే స్కూల్లో దెబ్బలు చూసే ట్రెయినర్‌కు చూపించండి. ఎముక చిట్లడం అలాగే మొదలవుతుంది. దాచిపెట్టి రెండు రేసులు పరిగెత్తితే సీజన్ అంతా పోతుంది.

గురువారం 5 మైళ్ళు, అందులో రెండు మైళ్ళు మైలుకు 6:35 వేగంతో. శుక్రవారం 3 మైళ్ళు, నాలుగు స్ట్రైడ్స్, అంతే. శనివారం రేసు, దాని వార్మప్, కూల్‌డౌన్‌తో కలిపి వారానికి దాదాపు 40 మైళ్ళు. తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరినవాళ్ళకు 20, 25 చాలు.

తిండి గురించి మన ఇళ్ళలో ఒక సంగతి పట్టించుకోవాలి. శాకాహారం తినే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఇనుము తగ్గితే మొదట కనబడేది పరుగులోనే. నిరుటి వేగానికే ఈసారి ఆయాసం వస్తుంది, కాళ్ళు బరువెక్కుతాయి. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండొచ్చు, అందుకని ఫెర్రిటిన్ పరీక్ష (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చేయమని డాక్టర్‌ను అడగండి. పప్పు, తోటకూర మీద నిమ్మకాయ పిండుకోండి, భోజనం వెంటనే టీ తాగకండి. ఇనుము మాత్రలు డాక్టర్ చెప్పకుండా వద్దు. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే అది పరుగులో మామూలేనని ఎవరన్నా నమ్మకండి. తిండి చాలడం లేదనడానికి అదొక గుర్తు, డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి.

శుక్రవారం రాత్రి అన్నం, చారు, బంగాళాదుంప కూర తినండి. ఆవకాయ, వేపుళ్ళు శనివారం రాత్రికి ఉంచుకోండి. పది గంటల రేసుకు ఏడింటికల్లా రెండు మూడు ఇడ్లీలు, అరటిపండు చాలు. కొత్త తిండి, కొత్త స్పైక్స్ (మేకుల బూట్లు) రెండూ రేసు రోజున మొదలుపెట్టకూడదు. స్పైక్స్ అడుగున మేకులు ఎండు నేలకు పావు అంగుళం చాలు, బురదకు అర అంగుళానివి బిగించాలి. లేసులకు రెండు ముళ్ళు వేయండి. బురదలో బూటు ఊడితే వెనక్కి వెళ్ళి తెచ్చుకునే వీలుండదు.

రాష్ట్ర స్థాయి మీట్ ఆఫ్ ఛాంపియన్స్ జరిగే హోమ్‌డెల్ పార్క్‌నే తీసుకుందాం. మొదలే ఎత్తు ఎక్కుడు. తుపాకీ మోగగానే పక్క టీములవాళ్ళు ఎగబడతారు, మీరూ కొట్టుకుపోతే మొదటి అర మైలులోనే తొడలు మండిపోతాయి. 19 నిమిషాలవాడి సగటు మైలుకు 6:07. మొదటిది 5:35లో పోతే మూడోది 6:40కి చేరుతుంది. మధ్యలో 'బౌల్' అనే గుంట వస్తుంది, నిట్టనిలువుగా దిగి నిట్టనిలువుగా ఎక్కాలి. దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకులు వేయకండి, చిన్న అడుగులు చకచకా వేయండి. ఎక్కేటప్పుడు అడుగు కుదించి, చూపు నాలుగైదు గజాల ముందు ఉంచండి. పైకి చేరగానే అందరూ ఊపిరి పీల్చుకోవడానికి తగ్గుతారు. అక్కడ మరో ముప్పై అడుగులు అదే పట్టుతో వేస్తే ముగ్గురు నలుగురిని దాటేయొచ్చు.

ఆ ముగ్గురు ఎంత విలువైనవాళ్ళో లెక్క చూడండి. ఏడుగురు పరిగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కలుపుతారు, తక్కువ వచ్చినవాళ్ళదే గెలుపు. ఒక టీముకు 1, 2, 4, 30, 35 వస్తే మొత్తం 72. ఇంకో టీముకు 3, 8, 12, 20, 27 వస్తే 70. మొదటి రెండు స్థానాలూ తెచ్చుకున్న టీము ఓడింది! వాళ్ళ ఐదోవాడు ఇంకో ముగ్గురిని దాటి 32లో వచ్చుంటే 69తో గెలిచేవాళ్ళు. ఆరో, ఏడో వాళ్ళ స్థానాలు లెక్కలోకి రాకపోయినా, ఎదుటి టీము ఐదోవాడికంటే ముందొస్తే వాళ్ళ అంకె పెంచుతారు. సమానమైతే ఆరోవాడి స్థానమే తేలుస్తుంది. కాబట్టి ముందున్నవాళ్ళు కనబడడం లేదని వెనకవాళ్ళు చేతులెత్తేయకూడదు.

గీత దాటాక కూలబడకుండా నడవండి, చెమట బట్టలు మార్చి పది నిమిషాలు జాగింగ్ చేయండి, గంటలోపు ఏదైనా తినండి. చెట్ల మధ్య పరిగెత్తారు కనక ఇంటికి రాగానే స్నానం చేసి, మోకాలి వెనక, సాక్సు అంచున, జుట్టు మొదట్లో పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి. నువ్వుగింజంత ఉంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. ఆ తరువాత కొన్ని వారాల్లో చుట్టూ ఎర్రటి మచ్చ పాకినా, జ్వరం వచ్చినా వెంటనే అమ్మానాన్నలకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య