యానాం విలీనం: జెండా ఎగిరిన తేదీ వేరు, చట్టం మారిన తేదీ వేరు

"మా తాత 1954కి ముందే యానాంలో పుట్టారు. అంటే మేం ఫ్రెంచివాళ్లమేగా?" పాత కాగితాలు చూసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే ప్రశ్న. అంతమాత్రాన కాదండీ.

అపోహ: 1954 నవంబరు 1తో విలీనం పూర్తయింది.

వాస్తవం: ఆ రోజు చేతులు మారింది పాలన మాత్రమే. విమోచన దినం జరిపేది అందుకే. చట్టం ప్రకారం ప్రాంతం మీద సార్వభౌమ హక్కు ఇంకా ఫ్రాన్సుదే. అప్పగింత ఒప్పందంపై సంతకాలు 1956 మే 28న పడ్డాయి, అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. పుదుచ్చేరి దగ్గరి కీళూరు స్మారకం వద్ద ఏటా జెండా ఎగరేసేది ఈ రోజుకే. జాతీయత లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

ఒప్పందంలోని నాలుగు ఫ్రెంచి ప్రాంతాల్లో (పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం) పుట్టి, ఆ రోజుకు ఇక్కడో భారత్‌లో మరోచోటో స్థిరపడి ఉన్న ఫ్రెంచి జాతీయులు ఆటోమేటిగ్గా భారత పౌరులయ్యారు. వద్దు, ఫ్రెంచి జాతీయతే ఉంచుకుంటామనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. అదే ఆప్షన్. 1963 ఫిబ్రవరితో ఆ గడువు ముగిసింది. కాబట్టి చూడాల్సినవి వరసగా మూడు: తాత ఎక్కడ పుట్టారు, 1962 ఆగస్టు 16న కాపురం ఎక్కడ, ఆప్షన్ పత్రం ఉందా. అప్పటికి వియత్నాంలోని సైగాన్‌లోనో పారిస్‌లోనో ఉన్నవారి సంగతి వేరు, వాళ్ల ఫ్రెంచి జాతీయత పోలేదు. ఇక్కడే ఉండి ఆప్షన్ ఇవ్వకపోతే మాత్రం ఫ్రెంచిలో రాసిన జనన పత్రం పుట్టుకకే రుజువు, జాతీయతకు కాదు. ఆప్షన్ ఉన్నా, తర్వాతి తరాలు ఫ్రెంచి పాస్‌పోర్టుగానీ కాన్సులేటు నమోదుగానీ లేకుండా ఇక్కడే ఉండిపోతే ఇంకో గోడ: ఫ్రెంచి సివిల్ కోడ్ 30-3వ అధికరణ. అలా యాభై ఏళ్లు దాటితే, వంశపారంపర్యంగా ఫ్రెంచి జాతీయత వచ్చిందని రుజువు చేసుకునే దారి మూసేస్తుంది. 1962 నుంచి లెక్కిస్తే 2012కే ఆ యాభై నిండాయి. ఫ్రెంచి పాస్‌పోర్టు ఇప్పిస్తానని బ్రోకరు అడ్వాన్సు అడిగితే ముందు ఆప్షన్ నకలు చూపించమనండి. అక్కడే సగం మంది నోరు మూతపడుతుంది.

దీనికి తలకిందుల భయం ఇంకొకటి: తాత కాగితాలు ఫ్రెంచిలో ఉన్నాయి, మన భారత పౌరసత్వానికే ఎసరేమో అని. నిద్ర పాడుచేసుకోకండి. ఆ రోజుకు ఇక్కడే ఉండి ఆప్షన్ ఇవ్వలేదంటే ఆయన ఒప్పందం ప్రకారమే భారతీయుడు.

మిగతావి గబగబా. ఈ ప్రాంతాలను భారత్ ఫ్రాన్సు దగ్గర కొనలేదు, లీజుకూ తీసుకోలేదు. నవంబరు 1న యానాంలో ఎగిరే జెండాకు ఆంధ్రప్రదేశ్ అవతరణతో సంబంధం లేదు, అది 1956 సంగతి. కీళూరులో 1954 అక్టోబరు 18న ఓటేసింది జనం కాదు, 178 మంది ప్రతినిధులు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా. యానాం అప్పటిదాకా ఆగలేదు కూడా: దడాల రమణయ్య నాయకత్వంలో జూన్ 13నే ఫ్రెంచి పాలనను దించేసింది. బెంగాల్‌లోని మరో ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌ను ఈ లెక్కలోకి తేవద్దు, దాని ఒప్పందం వేరు, తేదీలు వేరు. 1954 అక్టోబరు 2 నుంచి అది పశ్చిమ బెంగాల్‌లో భాగం.